ఊరికే ఉన్నప్పుడు వణికే చెయ్యి

మొన్న ఆదివారం చర్చిలో ప్రార్థన జరుగుతుండగా నేను కళ్ళు తెరిచాను. భక్తి తక్కువై కాదు, తలనొప్పిగా ఉండింది. ముందు చాప మీద ఇద్దరు ఆడపిల్లలు కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నారు. ఇద్దరూ ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలిని చూపుడువేలి మీద రుద్దుతున్నారు. నాటువైద్యుడు మందుగోళీ చుట్టినట్టు, అదే పనిగా.

బయటికి వచ్చాక ఆపి అడిగాను.

"అదేందే, వేళ్ళు అట్ట తిప్పుతుండారు?"

"అట్ట చేస్తా ఉంటే దేవుని ఆత్మ వొస్తాదంట టీచర్" అంది పెద్దది. "పెద్దక్క చెయ్యి అట్టనే ఆడేదంట గదా."

"ఎవురు చెప్పినారు?"

"అందరూ చెప్తారు."

అవును, అందరూ చెప్తారు. పెద్దక్క చెయ్యి ఎందుకు ఆడిందో నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. ఊరందరికీ ఆమే స్వయంగా చెప్పింది కూడా. అయినా ఆ పిల్లలు అట్లా కూర్చున్నారు కాబట్టి ఇది రాస్తున్నాను. పేరు రాయను. ఆ పేరు పెట్టుకుని ఇప్పటికే చాలా చెప్పారు.

చిట్టమూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఊరు మాది. మిషను బడిలో నేను టీచరును. బడి వెనక వరసగా కట్టిన ఇళ్ళలో ఒకటి నాది, పక్కది ఆమెది. ఆమె ఉద్యోగాన్ని మిషను కాగితాల్లో బైబిలు స్త్రీ అని రాసేవాళ్ళు. చుట్టుపక్కల పల్లెలు తిరిగి, ఆడవాళ్ళ దగ్గర కూర్చుని, వాక్యం చదివి చెప్పే పని. భర్త ఎప్పుడో పోయాడు. పిల్లలు లేరు. ఊరి ఆడవాళ్ళకు ఆమె పెద్దక్క, నాకూ అంతే.

ఆమెలో నాకు నచ్చింది నోరు. ఎవరైనా గంటసేపు ప్రార్థన సాగదీస్తే, ఆమేన్ అన్నాక, "దేవుడికి చెవుడు లేదమ్మే, ఇంకోసారి కుదించు" అనేది. ఒకామె మొగుడు తాగుతున్నాడని ఏడిస్తే, "ప్రార్థన చేస్తా. నువ్వు మాత్రం తాగొచ్చిన పూట వాడికి కూడు పెట్టబాక. దేవుడు ఒక పక్క, నువ్వు ఒక పక్క పట్టుకోవాల" అంది. పైకి లేచే ముందు పొయ్యి మీద ఉన్న కూర అడిగి మరీ రుచి చూసేది. వీధి మొదట్లో నిలబడి ముక్కు ఎగబీల్చి, ఏ ఇంట్లో ఎండు నెత్తళ్ళు వేయిస్తున్నారో, ఏ ఇంట్లో చింతపండు ఎక్కువైందో చెప్పేది. ఎప్పుడూ తప్పేది కాదు. వెనక గుంపుగా పిల్లలు.

మొదట పోయింది ఆ ముక్కే.

ఒక సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి ఆమె వాకిట్లో పొగ. చేపల పులుసు అడుగంటి, మాడి, కంపు కొడుతున్నది. ఆమె పొయ్యి ముందే కూర్చుని పుస్తకం చదువుకుంటున్నది.

"పెద్దక్కా, మాడిపోతుండాది!"

"ఏంది?" అని నా వైపు చూసింది. తర్వాత కుండ వైపు చూసింది. కుండ దింపి, వంగి, దాని మీద ముఖం పెట్టి చాలాసేపు ఉంది.

"జలుబు చేసింది" అంది.

జలుబు లేదు. వీధి మొదట్లో నిలబడటం మానేసింది. పిల్లలు అడిగితే, "మీ ఇళ్ళల్లో ఏం వొండితే నాకేందిరా" అని కసిరింది. ఇదంతా పందొమ్మిది వందల యాభై ఎనిమిది ప్రాంతపు మాట. తక్కినవి ఒకదాని వెనక ఒకటి వచ్చాయి కాని, ఇవన్నీ ఒకే దారిలో నడుస్తున్నాయని మాలో ఎవరికీ తట్టలేదు. నడిచేటప్పుడు ఎడమచెయ్యి ఊగటం మానేసింది. ఒంటికి కుట్టినట్టు ఉండేది. చెప్పులు బాగుచేసేవాడు, "ఏందమ్మా, ఎడమదే అరగతా ఉండాది, అదీ ముందు పక్క" అన్నాడు. ఇసకలో ఆమె నడిచిన దారి చూస్తే ఒక అడుగు పడిన గుర్తు, ఒక అడుగు ఈడ్చిన గీత. పాట ఎత్తుకుంటే వెనక వరసకు వినపడటం లేదు. అన్నిటికంటే జనానికి కష్టం కలిగించింది ముఖం. నవ్వటం లేదు. పలకరిస్తే రెప్ప వాల్చకుండా చూస్తుంది.

"పెద్దక్కకు పొగరెక్కింది" అన్నారు ఆడవాళ్ళు.

ఆ మాట ఆమెకు చేర్చాను. "నవ్వతానే ఉండా టీచరమ్మా. మొహానికి తెలవటం లేదు" అంది.

ఒక ఎండాకాలం బడి మైదానంలో పందిరి వేసి, భక్తి రగిలించే ఉజ్జీవ కూటాలు పెట్టారు. బయటి ఊరి నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. గొంతు పెద్దది. రెండో రోజుకే జనం ఏడవటం, ఊగటం మొదలైంది. పెద్దక్క ఆడవాళ్ళ వైపు ముందు కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటున్నది. ఆమె ఎడమచెయ్యి ఆడుతున్నది. అప్పటికి కొన్నాళ్ళుగా ఆడుతూనే ఉంది. కొంగు కింద దాచుకునేది. ఆ రోజు ఉక్కపోతకు కొంగు తీసింది.

ప్రసంగీకుడు చూశాడు. మాట ఆపేశాడు. అందరూ అటు చూశారు. ఆమె సిగ్గుపడి పాటల పుస్తకం చేతిలోకి తీసుకుంది. చెయ్యి ఆగింది. పుస్తకం కింద పెట్టింది. మళ్ళీ మొదలైంది.

"చూసినారా! సొంత పని చేస్తే ఆగిపోతుంది. దేవునికి అప్పజెప్పి ఊరికే కూర్చుంటే కదులుతుంది. ఇంతకంటే ఏం కావాలి మీకు?" అని అరిచాడు.

ఇంకేం అక్కర్లేదు. పొగరెక్కిందన్న ఆడవాళ్ళే ఆ రాత్రికి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నారు. నవ్వు పోయిన ముఖం ఇప్పుడు లోకాన్ని వదిలిన ముఖమైంది. వినపడని గొంతు దేవునితో మాట్లాడే గొంతైంది. జ్వరం పిల్లల్ని తెచ్చి, ఆ చెయ్యి తీసి తల మీద పెట్టుకునేవాళ్ళు. పిల్లవాడి తల మీద చెయ్యి ఊరికే ఆనుతుంది కదా, ఆడేది. తల్లులు ఏడ్చేవాళ్ళు.

"నా చేతిలో ఏమీ లేదమ్మే. డాక్టరు దగ్గరికి తీసకపోండి" అనేది ఆమె.

"ఎంత తగ్గింపో, ఎంత వినయమో!" అనుకుంటూ పోయేవాళ్ళు.

మా ఊరి బావులన్నీ ఉప్పునీళ్ళు. మంచినీళ్ళ బావి ఇసక దిబ్బ అవతల ఉంది. ఆమె ఆ దిబ్బ ఎక్కి దిగలేని రోజులు అప్పటికే వచ్చాయి. సరిగ్గా అప్పుడే ఆమె వాకిట్లో కడవలు వరస కట్టాయి. కట్టెలు, బియ్యం, చేపలు. వంతులు వేసుకుని ఇల్లు ఊడ్చిపోయేవాళ్ళు.

"ఇన్నేళ్ళు ఒంటి మనిషిగా ఉన్నా, ఒక్కరు చెంబెడు నీళ్ళు పొయ్యలేదు. ఇప్పుడు చూడు, నా ఇల్లు తిరణాలగా ఉండాది" అంది ఒకరోజు. ఆ గొంతులో సంతోషం లేదు. భయం ఉంది. నీళ్ళు ఎందుకు వస్తున్నాయో ఆమెకు తెలుసు. అవి లేకుండా గడవదనీ తెలుసు.

నేనే బలవంతం చేసి నెల్లూరు తీసుకుపోయాను. దొరవారిసత్రంలో పాసెంజరు ఎక్కాం. ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆమెను వరండాలో అటు నడిపించింది, ఇటు తిప్పించింది. వేళ్ళు టకటకా కొట్టమంది. మోచెయ్యి పట్టుకుని వంచి చూసింది. ఇంగ్లీషు పేరేదో చెప్పి, మన వైద్యులు కంపవాతం అంటారని చెప్పింది.

"పని చేసేటప్పుడు ఆగుతుంది, ఊరికే ఉన్నప్పుడు వణుకుతుంది. దీనికి అదే గుర్తు" అంది.

"మా ఊళ్ళో కూడా అదే గుర్తన్నారు డాక్టరమ్మా. జబ్బు పేరే వేరే చెప్పినారు" అంది పెద్దక్క.

డాక్టరమ్మకు అర్థం కాలేదు. నేను చెప్పాను. ఆమె నవ్వలేదు. "ఇది పోయే జబ్బు కాదు. మాత్రలతో కొంచెం తగ్గుతుంది, నోరు ఎండుతుంది. నడవటం మానొద్దు. గట్టిగా చదవండి. ఒక్కరే ఉండొద్దు. ఊళ్ళో వాళ్ళకు ఇది జబ్బని చెప్పండి. తెలిస్తేనే కదా సాయం చేస్తారు" అంది.

పెద్దక్క నా వైపు చూసింది. ఆ ముఖంలో ఏమీ కదలకపోయినా ఆమె ఏమనుకున్నదో నాకు తెలిసింది.

మాత్రల కోసం బయట బెంచీ మీద కూర్చున్నాం. అవతలి కొసన ఒక పెద్దాయన, పక్కన భార్య. కోవూరు రైతు, రెడ్డిగారు. ఆయన కుడిచెయ్యి మోకాలి మీద ఆడుతున్నది. ఆయన ఈమె చెయ్యి చూశాడు, ఈమె ఆయన చెయ్యి చూసింది.

"నాది కుడి, మీది ఎడమ. ఇద్దరం కలిస్తే తాళం వెయ్యచ్చు" అన్నాడాయన.

ఆమె గొంతులోంచి నవ్వు వచ్చింది. చాలాకాలానికి విన్నాను.

"మీ ఊళ్ళో ఏమంటారండీ దీన్ని?" అని అడిగింది.

"చేతబడి అన్నారు. నా తోడల్లుడి మీద పెట్టినారు ఆ నింద. ఇప్పటికీ వాడికీ నాకూ మాటల్లేవు. మీకో?"

"దేవుడు దిగినాడన్నారు."

"అబ్బో, మీవాళ్ళే నయం!"

"ఏం నయం లెండి. చేతబడి అంటే మందు తాగమంటారు. దేవుడంటే తాగొద్దంటారు."

ఆమె వాసన సంగతి చెబితే, డాక్టరమ్మ దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో తనకు తెలియదంది. రెడ్డిగారు మాత్రం బెంచీ మీద ముందుకు వంగి, "నాకూ పోయిందమ్మా! పొలంలో ఎరువు వాసన కూడా తెలవదు. మా ఆడది నమ్మలేదు" అన్నాడు. ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత ఆమే చెప్పింది, గడప దగ్గర కాళ్ళు అతుక్కుపోతే ఏం చెయ్యాలో. "కాళ్ళ ముందర కర్ర అడ్డం పెడతానమ్మా. దాన్ని దాటాలనుకుంటే కాలు లేస్తాది. ఉత్త నేల మీద లేవదు. గెనాలు, ఆ గట్లన్నీ దాటతా పొలమంతా తిరగతాడు, ఇంట్లో నడవలో నిలబడిపోతాడు."

అప్పట్నుంచి నెలనెలా మాత్రల రోజున ఆ బెంచీ మీద కలిసేవాళ్ళు. గొంతు పెద్దది చేసుకోవటానికి ఇద్దరూ పోటీపడి దినపత్రిక చదివేవాళ్ళు. ఆస్పత్రి ఆయా వచ్చి కసిరేది. ఆమెకు లోకంలో ఉన్న చుట్టరికం అదే.

ఒకసారి కోవూరు భోజనానికి పిలిచారు. ఎవరం ఎవరమో వాళ్ళకు తెలుసు. రెడ్డిగారి భార్య మా ఇద్దరికీ పంచలో విస్తళ్ళు వేసింది. ఆయనకు లోపల పీట వాల్చి కంచం పెట్టింది. ఆయన లేచి, కర్ర ఊతగా వచ్చి మా పక్కన నేల మీద కూర్చున్నాడు.

"గడప దాటటం నాకు కష్టమని తెలిసి లోపల పెడతావేందే? ఇక్కడే ఒక ఆకు వెయ్యి. కంచమైతే నా చేతికి మోగతాది" అన్నాడు.

ఆ గడప దాటే ఆయన వచ్చాడు. భార్య ఆకు తెచ్చి వేసింది. వడ్డించేటప్పుడు మాత్రం చెయ్యి ఎత్తు నుంచి వడ్డించింది. పెద్దక్క అది చూసింది. తిరుగుదారిలో, "ఆయన వొచ్చి కూచున్నాడు గదా. అంతవరకు చాల్లే" అంది. నాకు చాలలేదు.

ఊళ్ళో చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు. ఈ నెల, వచ్చే నెల అంటూ వాయిదా వేసింది. నేను తొందరపెట్టలేదు. ఇసక దిబ్బ నాకూ కనిపిస్తూనే ఉంది.

చెప్పించింది ఒక పసిబిడ్డ. తల్లి జ్వరం బిడ్డను ఎత్తుకుని నాయుడుపేట ఆస్పత్రికి బస్సు కోసం పోతూ, దారిలో పెద్దక్కను చూసింది. ఆమె చెయ్యి లాక్కుని బిడ్డ తల మీద పెట్టుకుంది. బస్సు వచ్చి ఆగింది. ఆ తల్లి ఎక్కకుండా ఇంటికి తిరిగింది. పెద్దక్క వెంటపడింది. పరిగెత్తలేదు, అరవలేదు. పాదం ఈడ్చుకుంటూ ఆ ఇంటిదాకా పోయి, వాకిట్లో కూలబడి, "బిడ్డను తీసకపొయ్యేదాకా లెయ్యను" అంది. మర్నాడు పొద్దున బస్సుకు తీసుకుపోయారు. సూదులు వేశారు. బిడ్డ బతికింది.

ఆ ఆదివారం, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో ఆ తల్లి లేచింది. "పెద్దక్క చెయ్యి పెట్టింది, నా బిడ్డ లేచింది. ఆస్పత్రి పేరుకే" అంది. హల్లెలూయా అన్నారందరూ.

పెద్దక్క లేవటం మొదలుపెట్టింది. లేవటానికి చాలాసేపు పట్టింది. పెదవులు కదిలాయి.

"గట్టిగా పెద్దక్కా" అన్నారు వెనక నుంచి.

నేను లేచి ఆమె పక్కన నిలబడ్డాను. దొరసానుల ప్రసంగానికి తర్జుమా చేసినట్టు, ఆమె ఒక్కొక్క మాట నా చెవిలో చెబితే నేను గట్టిగా చెప్పాను.

"ఇది ఆత్మ కాదు. కంపవాతమని రోగం. బిడ్డ సూదులకు బతికింది. ఈ చేతికి కాదు. ఈ చెయ్యి మీకేమీ ఇయ్యలేదు. దీనికే మీ సాయం కావాల. నీళ్ళు కావాల. పక్కన మనిషి కావాల. నన్ను రోగిష్టిదానిలాగా చూడండి."

ఆమె కూర్చుంది. పాస్టరు అయ్యగారు లేచి, చెమట తుడుచుకుని, "చూసినారా పెద్దక్క తగ్గింపు! ప్రార్థన చేద్దాం" అన్నాడు.

ఆ తర్వాత ఊరు రెండు మాటలైంది. తగ్గింపు అన్నవాళ్ళు కొందరు. వచ్చిన ఆత్మను నోటితో ఆర్పేసుకుంది అన్నవాళ్ళు కొందరు. రోగమైతే అంటుకుంటుందేమో అని మాత్రం అందరూ అనుకున్నారు. ఎవరూ ఆమెను తిట్టలేదు. ఎదురుపడితే తల వంచుకుని పక్కకు పోయేవాళ్ళు. కడవలు ఒక్కొక్కటే తగ్గి, వాకిట్లో నేను తెచ్చిన కడవ ఒక్కటే మిగిలింది. ఆమె రెండుసార్లు పడింది, రెండోసారి మణికట్టు విరిగింది.

మణికట్టుకు వేసిన కట్టు విప్పాక అయ్యగారు ఇద్దరు సంఘ పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"అక్కా, మేం అబద్ధం చెప్పమనటం లేదు. ఆదివారం ముందు వరసలో ఊరికే కూచోండి. ఏమీ మాట్టాడబాకండి. ఒక మనిషిని ఇంట్లో పెడతాం. నీళ్ళు, వంట, అన్నీ చూసుకుంటాది."

"ఊరికే కూచుంటే చాలా?"

"చాలు."

సరేనంది. వాళ్ళు పోయాక నా కోపం చూసి, "నిజం చెప్పినా గదా టీచరమ్మా. నిజం నీళ్ళు తేలేదు" అంది.

మొదటి ఆదివారం ముందు వరసలో కూర్చోబెట్టారు. జనం కిక్కిరిశారు. ఆమె కొంగు కొస చేతిలోకి తీసుకుని ముడి వెయ్యటం మొదలుపెట్టింది. ముడి వేసింది, విప్పింది, మళ్ళీ వేసింది. పాటలు, ప్రసంగం, ప్రార్థన అన్నీ అయ్యేదాకా ఆ చెయ్యి పని చేస్తూనే ఉంది. ఒక్కసారి వణకలేదు. తర్వాతి ఆదివారం కూడా అంతే. అయ్యగారు వేదిక మీద నుంచి ఆ ముడి వైపే చూస్తూ ప్రసంగం మరిచిపోయాడు. నెల తిరక్కుండా ఇంట్లో పెట్టిన మనిషికి ఒంట్లో బాగాలేదని కబురొచ్చింది, ఆమె మళ్ళీ రాలేదు.

నేను రాయదలచుకున్న పెద్దక్క ఆ ముందు వరసలో ముడులు వేసిన మనిషి. అక్కడితో ఆపగలిగితే బాగుండేది. కాని రోగం ఆగలేదు. మరుసటి ఏటికి వేళ్ళకు ముడి పట్టు చిక్కలేదు. కుడిచెయ్యి కూడా మొదలైంది. గొంతు పూర్తిగా పోయింది. కాదని చెప్పే శక్తి ఆమెకు లేదని తేలాక కడవలు మళ్ళీ వచ్చాయి. కుర్చీలో మోసుకుపోయి ముందు కూర్చోబెట్టేవాళ్ళు. ఒళ్ళో పసిపిల్లల్ని పెట్టి చేతులు వాళ్ళ మీద వేసేవాళ్ళు. నీళ్ళు మాత్రం పుష్కలంగా ఉండేవి. మింగలేకపోయేది.

కార్తీకపు వానల్లో పోయింది. అయ్యగారు సమాధి దగ్గర ఆ చెయ్యి గురించి గంటసేపు చెప్పాడు. దేవుడు ఇచ్చిన కదలికను దేవుడే తీసుకున్నాడన్నాడు. జనం ఏడ్చారు. నేను కోవూరికి కబురు పంపాను. రెడ్డిగారు రాలేని స్థితిలో ఉన్నాడు. ఆయన భార్య ఒక్కతే వచ్చి, కంచె బయట గొడుగు పట్టుకుని నిలబడింది. అంతా అయ్యాక నేను ఆమె దగ్గరికి పోయాను.

"ఆయనేందమ్మా, అంతసేపు మాట్టాడి జబ్బు పేరే ఎత్తలేదు?" అంది.

"వీళ్ళ లెక్కలో ఆమెకు జబ్బు లేదు."

"మరి మా ఆయనకేం చెప్పేది? ఎట్ట పొయ్యిందో కనుక్కుని రమ్మన్నాడు. దాచబాక, అన్నీ అడగమన్నాడు. ఆయన పొయ్యే దారీ అదే గదా."

వాన పెరిగింది. ఆమె గొడుగు నా మీదికి కూడా వంచింది. భుజానికి భుజం ఆనింది. నేను చెప్పాను. చివరి నెలలు ఎట్లా గడిచాయో, పక్క మీద తిప్పకపోతే ఒళ్ళు ఎట్లా పుండైందో, ఏమేం చేస్తే కొంచెం సుఖపడిందో.

"నీళ్ళు కూడా దిగలా?" అంది.

"పల్చటివైతే పొరపోయేవి. గంజి చిక్కగా కాచి, తల కొంచెం ముందుకు వంచి, చెంచాతో పోస్తే దిగింది."

"చిక్కగా" అంది. "తల ముందుకు."

మరిచిపోకుండా ఉండటానికి ఆ రెండు మాటలూ ఇంకోసారి పైకి అనుకుని, బస్సు దారి పట్టింది.